మంచి గాయం

ఆ ఇంట్లో కింద పని, పైన కాపురం. కింద హాల్లో గాజు పలకలు కోస్తారు, అంచులు అరగదీస్తారు, అద్దాల మీద తీగలూ పువ్వులూ చెక్కుతారు. మెట్లెక్కి వస్తే వంటగది, పడకగదులు, అత్తగారు కూర్చునే వరండా. రోజుకు ఒక్కసారైనా ఎవరో ఒకరు వేలు పైకెత్తి పట్టుకుని ఆ మెట్లెక్కి రావలసిందే. వచ్చినవాళ్ళు నోరు విప్పి చెప్పక్కర్లేదు. పెద్దకోడలు ఆ వేలి వంక ఒక చూపు చూసి, పొయ్యి మీదున్నది దించి, అలమర పైనుంచి రేకు డబ్బా తీస్తుంది.

వీధిలో ఆమె పేరు కట్ల డాక్టరమ్మ. ఎవరైనా అలా పిలిస్తే పైకి విసుక్కుంటుంది గానీ, ఆ పేరంటే ఆమెకు ప్రాణం. పదహారేళ్ళుగా కడుతోంది మరి. పక్కింటి వడ్రంగి, ఎదురు వరస మాంసం కొట్టువాడు, మూల మీద సైకిళ్ళు బాగుచేసే ఆయన, అందరి వేళ్ళూ ఆమె చేతుల మీదుగా బాగుపడినవే. ముందు తన చేతులు సబ్బుతో కడుక్కుంటుంది. తర్వాత గాయాన్ని కుళాయి ధార కింద పెడుతుంది. గిన్నెలో నీళ్ళు పోసి ముంచుతానంటే ఒప్పుకోదు, నీళ్ళలో గాజు రవ్వ కనపడదు కాబట్టి. ఆ పైన టార్చిలైటు పక్కవాటుగా పట్టి చూస్తుంది. రవ్వ ఉంటే మెరుస్తుంది, మెరిస్తే చిన్న పట్టకారుతో లాగేస్తుంది. ఇక శుభ్రమైన గుడ్డ పెట్టి పది నిమిషాలు అదిమి పట్టాలి. మధ్యలో ఎత్తి చూడటానికి వీల్లేదు. ఆగిందో లేదో అని గుడ్డ ఎత్తబోయిన వడ్రంగి చేతి మీద ఒకసారి ఫెడీమని ఒకటి వేసింది కూడా. నెత్తురు ఆగాక మందు రాసి కట్టు కడుతుంది. వేలి కొస మాత్రం బయటికి వదిలేస్తుంది. ఆ కొస ఎర్రగా, వెచ్చగా ఉంటే లోపలంతా క్షేమమని ఆమె నమ్మకం. ఇక గాయానికి కాఫీపొడి అద్దుకుని, టూత్‌పేస్టు పూసుకుని వచ్చినవాళ్ళ సంగతి చెప్పక్కర్లేదు. కట్టు కట్టేలోపు వాళ్ళ ఏడు తరాలనూ కడిగి ఆరేస్తుంది.

గాజు పనివాళ్ళకు గాయాల విషయంలో వాళ్ళ లెక్క ఒకటుంది. పెచ్చు లేచిన గాజు తగిలితే చర్మం చిరిగి, నెత్తురు కారి, నానా హంగామా అవుతుంది. అది చెడ్డ గాయం. అప్పుడే కోసిన పలక అంచు తగిలితే సన్నగా గీత గీసినట్టు తెగుతుంది. నెత్తురు పెద్దగా రాదు, నొప్పి తెలియదు, రెండు అంచులూ చక్కగా కలుసుకుంటాయి. అది మంచి గాయం. మంచి గాయమైతే కట్టు కట్టించుకుని అరగంటలో మళ్ళీ పనిలో కూర్చుంటారు. ఆ ఇంట్లో పుట్టినవాళ్ళకీ, మెట్టినవాళ్ళకీ, పనికి కుదిరినవాళ్ళకీ ఈ లెక్క మీద అనుమానమన్నది ఎన్నడూ రాలేదు.

చిన్నకోడలి చేయి తెగింది అలాంటి మంచి గాయంతోనే.

అద్దాల మీద చెక్కేది ఆ ఇంట్లో ఆమె ఒక్కతే. ఆ విద్య పుట్టింటినుంచి తెచ్చుకుంది. తిరిగే సాన చక్రం మీద నీళ్ళు పడుతుంటాయి, గాజుపొడి కలిసి అద్దమంతా తెల్లటి బురదవుతుంది, గాటు ఎంత లోతు దిగిందో కంటికి కనపడదు. కుడిచేతి చూపుడువేలి కొసతో తడిమి తెలుసుకోవాలి. వెంట్రుకవాసి తేడా కూడా ఆ వేలికి తెలుస్తుంది. ఆ వేలు చెప్పినట్టే చక్రం నడుస్తుంది. ఊరవతల నుంచి కూడా మనుషులు ఆమె చెక్కిన అద్దం కావాలని అడిగి మరీ వస్తారంటే ఆ కొస చలవే.

ఆమె భర్త అప్పుడు ఇంట్లో లేడు. వేరే ఊళ్ళో కొత్తగా కడుతున్న భవనానికి కిటికీలు బిగించడానికి నెలరోజుల పని మీద వెళ్ళాడు. వెళ్ళేముందు మెట్ల మీద నిలబడి, "వదినా, చిన్నీని కాస్త చూసుకో. తనంతట తను ఏదీ చెప్పదు," అన్నాడు. "నీ పెళ్ళాన్ని నేనేం ఎత్తుకుపోనులే, వెళ్ళిరా," అని నవ్వేసింది పెద్దకోడలు.

ఆ వారమే, కోసి పారేసిన సన్న పలకను బల్ల మీంచి తీయబోతే అది జారింది. జారిందాన్ని చిన్నకోడలు పట్టుకుంది. కుడి చూపుడువేలు లోపలివైపు, నడిమి కణుపుకూ చివరి కణుపుకూ మధ్య అడ్డంగా తెగింది. బియ్యపు గింజంత గాటు. ఆమె మెట్లెక్కి వచ్చేసరికే నెత్తురు ఆగిపోయింది.

పెద్దకోడలు కడిగింది, టార్చి పట్టి చూసింది, రవ్వ లేదు. "ఎంత నీటుగా తెగిందే చిన్నీ. తెగడంలో కూడా పనితనమే నీది," అంది. వేలు కదిలితే గాటు విచ్చుకుంటుందని వెనకనుంచి సన్న పుల్ల పెట్టి, వేలు నిటారుగా ఉండేట్టు కట్టింది. కొస చూసింది. ఎర్రగా ఉంది. డబ్బా మూసేసి వంటలో పడింది.

మర్నాడు కట్టు మార్చింది. చీము లేదు, వాపు లేదు. మళ్ళీ పుల్ల పెట్టి కట్టింది.

"కొంచెం మొద్దుగా ఉందక్కా," అంది చిన్నకోడలు.

"బిగించి కట్టానుగా, ఉంటుంది మరి."

చిన్నకోడలు తలూపి కిందికి వెళ్ళిపోయింది.

మూడో రోజు మధ్యాహ్నం రెండు దాటింది. వంటగది బల్ల ముందు ఇద్దరూ కూర్చున్నారు. కట్టు విప్పితే అడుగు పొర గాయానికి అంటుకుపోయి ఉంది. పెద్దకోడలు దాన్ని తడిపి, గుడ్డ అంచు వేళ్ళకు చిక్కక పట్టకారు అందుకుంది. లాగేటప్పుడు పట్టకారు జారి, దాని మొన నేరుగా వేలి కొసలో దిగింది. చిన్న నెత్తుటి బొట్టు పైకి వచ్చింది.

"అయ్యో," అంది పెద్దకోడలు.

 తలెత్తి చూస్తే చిన్నకోడలు కిటికీలోంచి వీధిలోకి చూస్తోంది. కట్టు కట్టేటప్పుడు నోటితో నొప్పి అనదు గానీ, ఆమె ఒళ్ళు దాచుకోలేదు. మందు తగిలితే చాలు, భుజం చెవిదాకా లేస్తుంది. ఇప్పుడు ఆ భుజం ఎక్కడిదక్కడే ఉంది. పట్టకారు మొన దిగిన సంగతి ఆమెకు తెలియనే లేదు.

పెద్దకోడలు పట్టకారు బల్ల మీద పెట్టేసింది.

"కళ్ళు మూసుకో," అంది.

"ఎందుకక్కా?"

"మూసుకో చెప్తాను."

అగ్గిపుల్ల తీసుకుంది. దాని వెనక కొసతో వేలి ఎడమ పక్క తాకింది. "తగిలింది," అంది చిన్నకోడలు. కుడిపక్క తాకింది. ఆమె ఏమీ అనలేదు. ఇంకొంచెం గట్టిగా నొక్కింది. గోళ్ళతో గిచ్చింది. చర్మం మీద తెల్లటి గుంట పడి మళ్ళీ ఎర్రబడింది. ఎరుపు చూస్తే ఏ లోటూ లేదు. పదహారేళ్ళుగా ఆమె నమ్ముకున్న ఎరుపు అది.

"ఎప్పుడు ముట్టుకుంటావక్కా?" అంది చిన్నకోడలు, కళ్ళు మూసుకునే.

పెద్దకోడలు అగ్గిపుల్ల పక్కన పెట్టింది. "కళ్ళు తెరువు. వేలు వంచు."

ఈ మూడు రోజుల్లో ఆ వేలిని కదపనిచ్చింది లేదు. వంచమని ఎవరూ అడగలేదు. చిన్నకోడలు వంచింది. నడిమి కణుపు వంగింది. చివరి కణుపు వంగలేదు. మిగతా మూడు వేళ్ళూ బుద్ధిగా అరచేతిలోకి ముడుచుకుంటే, చూపుడువేలి కొస మాత్రం కర్రలా నిలబడింది. ఆమె పళ్ళు బిగించి మళ్ళీ ప్రయత్నించింది. మణికట్టు వణికింది గానీ కొస కదల్లేదు.



వరండాలోంచి అత్తగారు కేకేసింది. "ఏంటే అంత సేపు? కట్టు కట్టడమా, పెళ్ళి చేయడమా?"

"వేలు వంగడం లేదత్తయ్యా."

"మూడు రోజులు పుల్ల కట్టి ఉంచావు, పట్టేసి ఉంటుంది. గోరువెచ్చటి నీళ్ళలో పెట్టమను."

అక్కడ, నిజం చెప్పాలంటే, పెద్దకోడలి మనసు కాస్త పక్కకు జారింది. పట్టేసి ఉంటుంది, నిజమేనేమో. వాపు లోపలెక్కడో ఉందేమో. ఇంకో రెండు రోజులు చూస్తే తెలుస్తుంది కదా. చేతిలో కొత్త కట్టు సగం విప్పి పట్టుకుని ఉంది. మళ్ళీ చుట్టేస్తే సరిపోతుంది, ఎవరికీ ఏమీ తెలియదు. కట్ల డాక్టరమ్మ కట్టిన కట్టు వికటించిందన్న మాట వీధిలో పుట్టదు. ఆ ఆలోచన ఒక్క నిమిషం ఉంది. తర్వాత ఆమెకు తన మీద తనకే అసహ్యం వేసింది. కట్టు బల్ల మీద పడేసి లేచింది.

అప్పుడే పెద్దకోడలి భర్త పైకి వచ్చాడు. ఆయన చేతిలో కింద సగంలో ఆగిపోయిన అద్దం కొలతల కాగితం ఉంది. "ఏమైంది? చిన్నమ్మాయి ఎల్లుండికైనా కూర్చోగలదా?" అన్నాడు.

"పెద్దాసుపత్రికి తీసుకెళ్తున్నాను. చేతుల ఆపరేషన్లు చేసే డాక్టరు ఐదింటిదాకే ఉంటుందట. పోయిన ఏడాది వడ్రంగి చెప్పాడు."

"ఆ గీతకా?" ఆయన నవ్వబోయి, ఆమె ముఖం చూసి ఆగాడు. "మంచి గాయమే కదే. నువ్వే అన్నావు."

"అన్నాను. గడ్డి తిన్నాను."

అత్తగారు కర్ర పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. "గోరంత గాయానికి ఆసుపత్రా? మీ మామగారి బొటనవేలు సగం లేచిపోతే నేను ఇంట్లోనే కట్టాను. నీకు నేర్పింది నేనే. ఈ ఇంట్లో కట్టిన కట్టు ఎన్నడైనా తప్పిందా?"

"తప్పింది అత్తయ్యా," అంది పెద్దకోడలు.  "నేను కట్టిందే తప్పింది. పైన తోలు చూశాను, లోపలేం తెగిందో చూడలేదు. వేలు వంచమని అడగలేదు. పైగా కదలకుండా పుల్ల పెట్టాను. ఎవరూ అడ్డం పడకండి, టైము పోతోంది."

అత్తగారు నోరు తెరిచింది. మళ్ళీ మూసుకుంది. ఆ ఇంట్లో అది జరగడం మహా అరుదు. గుమ్మంలోంచి పక్కకు తప్పుకుంది.

టాక్సీ దొరికేసరికి మూడు ముప్పావు. దొరికిందిరా అనుకుంటే పెద్ద రోడ్డెక్కగానే ఆగిపోయింది. ముందు లారీలు, పక్కన బస్సులు, ఎటూ కదలడానికి లేదు. పెద్దకోడలు డ్రైవరు వెనకనుంచి రోడ్డుకేసి మెడ చాచి చూస్తూ, కదిలినప్పుడల్లా "ఆ, పోనీ, పోనీ," అంటోంది. డ్రైవరు అద్దంలోంచి ఆమెను చూశాడు. "బండికి రెక్కలు లేవమ్మా," అన్నాడు. ఇంకో రోజైతే ఆ మాటకు తగిన జవాబు చెప్పేదే.

"నీకు ఎప్పటినుంచి తెలియడం లేదు?" అంది చిన్నకోడలి వైపు తిరక్కుండానే.

"మొదటి రోజు సాయంత్రం నుంచి."

"మరి చెప్పవేం?"

"చెప్పాను. మొద్దుగా ఉందన్నాను కదా."

"గట్టిగా చెప్పాలి. నా పీక పట్టుకుని చెప్పాలి."

చిన్నకోడలు చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, రెండో చేత్తో దాన్ని కప్పుకుని కూర్చుంది. తర్వాత మెల్లగా అంది.

"నేను కొత్తగా వచ్చినప్పుడు అరచేతిలో రవ్వ గుచ్చుకుంటే ఏడ్చాను. నువ్వు తీశావు. తీసి, దాన్ని నల్ల కాగితం మీద పెట్టి, భూతద్దం ఇచ్చి మరీ కింద పనివాళ్ళందరికీ చూపించావు. దీనికి మా మహారాణిగారు ఏడ్చారు, చూసుకోండి అన్నావు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంక నీ దగ్గర నొప్పి అనకూడదని ఆ రోజే అనుకున్నాను."

పెద్దకోడలికి ఆ సంగతి గుర్తుంది. గుర్తుండకపోవడమేం, చుట్టాలెవరొచ్చినా అభినయించి మరీ చెప్పేది. ఎనిమిదేళ్ళుగా చెబుతోంది. చెప్పినప్పుడల్లా చిన్నకోడలు కాఫీ కప్పులు సర్దుతూ నవ్వేది. అది నవ్వనే ఈమె అనుకుంది. ఇప్పుడు ఆ రోజులన్నీ ఒక్కసారి మీద పడ్డాయి. క్షమించమనడానికి కూడా ముఖం చెల్లలేదు. ముందు సీటు పట్టుకుని, "బాబూ, ఆ సందులోంచి పోనివ్వు. ఇరుకైనా సరే," అంది.

ఐదుకు పది నిమిషాలుండగా ఆసుపత్రి మెట్లెక్కారు. కిటికీ దగ్గర చీటీ రాసే అతను గడియారం వంక చూసి, రేపు రండి అన్నాడు. పెద్దకోడలు కిటికీ అరుగు మీద రెండు మోచేతులూ ఆనించింది. "రేపటిదాకా నేను ఇక్కడే నిలబడతాను. నా వెనకవాళ్ళు నా వెనకే ఉంటారు. ఎలా చేద్దామంటావో నువ్వే చెప్పు," అంది. వెనక ఏడుగురున్నారు. అతను చీటీ రాశాడు.

డాక్టరమ్మ సన్నగా, పొట్టిగా ఉంది. అలిసిపోయిన మనిషి. చిన్నకోడలి వేలు తన చేతిలోకి తీసుకుంది. నడిమి కణుపు కదలకుండా పట్టుకుని, కొస వంచమంది. కొస కదల్లేదు. కాగితాల క్లిప్పు విప్పి దాని మొనలతో రెండు పక్కలా తాకింది. ఒక పక్క తెలిసింది, ఒక పక్క తెలియలేదు.

"వేలిని వంచే టెండన్ తెగిపోయింది. తాడు లాంటిది అనుకోండి. ఒక పక్క నరం కూడా పోయింది," అంది. "గాజు పైన గీత పెట్టి లోపల ఇల్లు కూలుస్తుంది. ఎన్ని రోజులైంది?"

"మూడు."

"వారం పది రోజులు దాటి వస్తే తెగిన కొస అరచేతిలోకి వెనక్కి లాగేసుకుని ముడుచుకుపోతుంది. అప్పుడు కలపడం చాలా కష్టం. రేపు పొద్దున్నే చేద్దాం." వేలిని అటూ ఇటూ తిప్పి చూసింది. "కట్టు ఎవరు కట్టారు?"

"ఇంట్లోనే," అంది చిన్నకోడలు, గోడకేసి చూస్తూ.

"నేను కట్టానండీ," అంది పెద్దకోడలు.

"శుభ్రంగా ఉంచారు. చీము పట్టలేదు, అందుకే రేపే చేయగలుగుతున్నాం. మా నర్సులు కూడా ఇంత బాగా కట్టరు." డాక్టరమ్మ రాసుకుంటూ, తలెత్తకుండానే అంది. "వంచమని ఒక్కసారి అడిగి ఉంటే మొదటి రోజే వచ్చేవారు. వంగకపోయినా, తెలియకపోయినా అది ఇంట్లో కట్టుకునే గాయం కాదు. ఎంత చిన్నదైనా సరే."

తిట్టి ఉంటే బాగుండేదనిపించింది పెద్దకోడలికి. తిట్లకు ఎదురు మాట ఆమె దగ్గర ఎప్పుడూ ఉంటుంది.

ఆపరేషన్ రెండు గంటలు పట్టింది. బయట బెంచీ మీద పెద్దకోడలు, పొద్దున్నే ఊరినుంచి పరుగెత్తుకొచ్చిన మరిది కూర్చున్నారు. అతను ఆమెను ఒక్క మాటా అనలేదు. అనకపోవడం ఆమెకు భరించరానిదైంది. "అనెయ్యి. నీ కడుపులో ఉన్నది అనెయ్యి," అంది చివరికి. "ఏమనమంటావు వదినా," అన్నాడు అతను, అంతే.

తర్వాత ఆరు వారాలు. ముంజేతి దాకా గట్టి పట్టీ. చిన్నకోడలు వేలిని తనంతట తాను వంచకూడదు, వంచితే లోపలి కుట్టు తెగుతుంది. అలాగని కదలకుండా వదిలేస్తే లోపల అతుక్కుపోతుంది. అందుకని నర్సు నేర్పినట్టు ఇంకొకరు పట్టుకుని మెల్లగా వంచి వదలాలి. రోజుకు ఇన్నిసార్లని లెక్క. భర్త చేయబోతే చిన్నకోడలు వద్దంది. "అక్క చేస్తుంది," అంది. ఎందుకందో పెద్దకోడలికి అర్థం కాలేదు. నమ్మకమో, శిక్షో. అడిగే ధైర్యం లేదు. పొద్దున్నే కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుని ఆ వేలు పట్టుకునేది. ఎంత వంచాలో, ఎక్కడ ఆపాలో తెలియక చెమటలు పట్టేవి. కుట్టు తెంపేస్తానేమోనని కలలు వచ్చేవి. ఆ రోజుల్లోనే ఒకసారి వడ్రంగి వచ్చి డబ్బా తీయమంటే, "ముందు వంచు," అంది. అతను వంచాక కూడా రెండుసార్లు వంచమంది. "ఏంటమ్మా, డ్రిల్లా?" అన్నాడు అతను. ఆమె నవ్వలేదు. కింద సాన చక్రం మీద గుడ్డ కప్పి ఉంది. అద్దాల కోసం వచ్చినవాళ్ళతో పెద్దకోడలి భర్త ఏదో ఒకటి చెప్పి పంపించేసేవాడు.

ఆరో వారం చివర ముగ్గురూ ఆసుపత్రికి వెళ్ళారు. డాక్టరమ్మ పట్టీ విప్పింది. వేలు సన్నబడి, పాలిపోయి, గాటు మీద గులాబీ రంగు గీతతో, ఎవరిదో పరాయి వేలులా ఉంది.

"ఇప్పుడు మీరే వంచండి," అంది డాక్టరమ్మ.

చిన్నకోడలు వంచింది. ఏమీ కాలేదు.

"తొందరలేదు. మళ్ళీ."

పెద్దకోడలు చూడలేకపోయింది. గోడ మీద వేలాడుతున్న అరచేతి ఎముకల బొమ్మకేసి తల తిప్పేసుకుంది.  చిన్నకోడలు ఊపిరి బిగబట్టడం, వదలడం వినిపిస్తోంది. ఒకసారి. మళ్ళీ ఒకసారి.

"అక్కా," అంది చిన్నకోడలు. "ఇటు రా. పట్టుకో."

పెద్దకోడలు దగ్గరికెళ్ళి, ఆరు వారాలుగా అలవాటైనట్టే ఆ కొసను తన బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుంది. వంచబోయింది.

"నువ్వు వంచకు. ఊరికే పట్టుకో."

ఊరికే పట్టుకుంది. చిన్నకోడలి ముఖం ఎర్రబడింది. అప్పుడు ఆ కొస, గింజంత మేర, తనంతట తానే పెద్దకోడలి వేలిని లోపలికి నొక్కింది. ఆగింది. మళ్ళీ నొక్కింది. పెద్దకోడలికి కళ్ళనీళ్ళు ఆగలేదు. తుడుచుకోవాలంటే వేలు వదలాలి, వదలబుద్ధి కాలేదు.

"కదిలింది," అంది డాక్టరమ్మ. "ఇంక రోజూ చేస్తే పెరుగుతుంది. నరం సంగతి మాత్రం ఇప్పుడే చెప్పలేను. నెలలు పడుతుంది. కొంత రాకపోవచ్చు కూడా."

"ఈ పక్క నువ్వు పట్టుకున్నట్టు తెలియడం లేదక్కా," అంది చిన్నకోడలు. ఆమె ఏడవడం లేదు, పని చూసుకునే మనిషిలా మాట్లాడుతోంది. "ఆ పక్క తెలుస్తోంది. ఆ పక్కతో తడిమి నేర్చుకుంటే చెక్కొచ్చేమో. మొదటినుంచీ నేర్చుకోవాలి." వేలి వంక చూసుకుంది. "భయంగా ఉంది."

ఎనిమిదేళ్ళలో పెద్దకోడలితో ఆమె ఆ మాట అనడం అదే మొదటిసారి. బయట తర్వాతి మనిషిని పిలిచారు. మరిది లేచి తలుపు దగ్గర నిలబడ్డాడు. పెద్దకోడలు స్టూలు కాలితో దగ్గరికి లాక్కుని కూర్చుంది.

"చెప్పు," అంది. "ఎక్కడెక్కడ తెలియడం లేదో, ఎక్కడ నొప్పో, ఎక్కడ భయమో, అంతా చెప్పు. మెల్లగా చెప్పు."

చిన్నకోడలు చెప్పడం మొదలుపెట్టింది.